లైసాల్ వాసన వేసే చేతులు

మొన్న మా చెల్లెలి మనవరాలికి ఆడపిల్ల పుట్టిందంటే చూడటానికి గుంటూరు వెళ్ళాను. ఆసుపత్రి మూడో అంతస్తులో వరండా అప్పుడే తుడిచి వెళ్ళినట్టున్నారు. గది తలుపు దగ్గరికి రాగానే ముక్కుకు తగిలింది ఆ వాసన. ముందు తారు వాసన, దాని వెనకే సబ్బు వాసన. లోపలి నుంచి "రా అక్కా" అని మా చెల్లెలు పిలుస్తున్నా కాసేపు గుమ్మంలోనే నిలబడిపోయాను. నా చిన్నతనమంతా ఆ వాసన పక్కనే పడుకున్నాను. అది మా పెద్దమ్మమ్మ చేతుల వాసన.

పెద్దమ్మమ్మ అంటే మా అమ్మమ్మకు అక్క. ఎనిమిదో ఏట పెళ్ళి, పదకొండో ఏట వైధవ్యం. ఆమె కడుపున ఎవరూ పుట్టలేదు. అయినా కొమ్మమూరు కాలువ గట్టున ఏ ఊళ్ళో దిగినా "నర్సమ్మగారూ, వీణ్ణి గుర్తుపట్టారా?" అంటూ మీసాలొచ్చిన మగవాణ్ణి ముందుకు తోసే తల్లి ఒకతె ఎదురయ్యేది. ఆమె నర్సు కాదు, అప్పటి స్థానిక పాలన సంస్థ అయిన లోకల్ బోర్డు మిడ్‌వైఫ్. జనానికి మాత్రం నర్సమ్మే.

నాకు ఊహ తెలిసేనాటికి ఆమె ఉద్యోగం చివరికి వచ్చింది. అసలు కథంతా అంతకుముందు, రెండు ప్రపంచ యుద్ధాల మధ్య జరిగింది. వేసవి రాత్రులు డాబా మీద నేనూ, మా పిన్ని కూతురూ చెరో పక్కన పడుకుంటే ఆ కథలన్నీ చెప్పేది. పురిటి కబుర్లు పిల్లల ముందు చెప్పవద్దని అమ్మమ్మ కోప్పడేది. "రేపు కనేది వీళ్ళే కదే, తెలుసుకోనీ" అనేది పెద్దమ్మమ్మ.

*

ఆమెకు చదువు దొరికింది గుంటూరు శారదా నికేతనంలో. ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు 1922లో పెట్టిన ఆ సంస్థలో తనబోటి ఆడపిల్లలు ఎంతమందో ఉండేవారని చెప్పేది. అక్కడ రాట్నం వడికింది, తెలుగు రాయడం నేర్చింది, కాస్త ఇంగ్లీషు అక్షరాలు పట్టింది. ఆ తర్వాత స్థానిక బోర్డు ఇచ్చే ఉపకార వేతనంతో మద్రాసు ఎగ్మూరులోని ప్రభుత్వ స్త్రీ శిశు ఆసుపత్రికి మంత్రసాని పని నేర్చుకోవడానికి వెళ్ళింది. ఇంటిల్లిపాదీ వద్దన్నారు. బ్రాహ్మణ వితంతువు పురిటి మైల ముట్టుకోవడం ఏమిటని మేనమామ నూతి గట్టు మీద కూర్చుని ఏడ్చాడట.

మద్రాసులో ఆమెకు మొదట నేర్పింది చేతులు కడుక్కోవడం. గోళ్ళు మొదలంటా కత్తిరించి, గాజులూ ఉంగరాలూ తీసేసి, మోచేతుల దాకా సబ్బుతో, బ్రష్‌తో రుద్ది, ఆపైన లైసాల్ అనే క్రిమిసంహారక మందు కలిపిన నీళ్ళలో ముంచాలి. గాజులు తీసే పని తనకు ఎప్పుడో తప్పించారని చెప్పి ఆమె ఒక క్షణం ఆగేది. మేము ఏమీ మాట్లాడేవాళ్ళం కాదు.

మద్రాసు నర్సులు, మిడ్‌వైఫ్‌ల చట్టం 1926లో వచ్చింది. ఆ చట్టం కింద నమోదైన తన సర్టిఫికెట్టును ఫ్రేము కట్టించి, దేవుడి పటాల వరసలోనే తగిలించుకుంది. కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు బోర్డు వాళ్ళు ఒక ఊరు అనలేదు, ఫిర్కా, అంటే చుట్టుపక్కల ఊళ్ళన్నీ మొత్తం చూసుకోమన్నారు. వానాకాలంలో ఆ నల్లరేగడిలో బండి చక్రం ఇరుసు దాకా దిగిపోయేది. బండి దిగి నడవాలి. లేదా దుగ్గిరాల లాకుల నుంచి పెదగంజాం దాకా పోయే కాలువ మీద తాడు లాగే పడవ ఎక్కాలి.

*

అప్పటి పురిటి గది ఎలా ఉండేదో ఆమె చెబుతుంటే నాకు ఊపిరాడేది కాదు. ఇంటికి వెనక, వెలుతురు రాని కొట్టు. ఉన్న ఒక్క కిటికీకీ గోనెసంచి. మంచం కింద కుంపటి, పైన సాంబ్రాణి పొగ. బయట పారేయాల్సిన పాత గుడ్డలన్నీ దాచి దాచి ఆ రోజుకు తీసేవారు, ఎలాగూ మైలపడతాయి కదా అని. బొడ్డు కోసేది కొడవలితోనో వెదురు బద్దతోనో. కోసిన చోట బూడిద అద్దేవారు, కొన్ని ఇళ్ళలో పేడ. నాలుగైదు రోజులు గడిచాక బిడ్డ పాలు పట్టడం మానేసేది, దవడ బిగుసుకునేది, ఒళ్ళు విల్లులా వంగిపోయేది. బాలగ్రహం అనేవారు, పక్షిదోషం అనేవారు. అది ధనుర్వాతమని, పేడలోంచీ తుప్పు కొడవలిలోంచీ వచ్చిందని వాళ్ళకు చెప్పేవారు లేరు.

తల్లికి వచ్చేది సూతిక జ్వరం, కాన్పులో క్రిములు చేరడం వల్ల. మూడో రోజు చలి మొదలయితే పెద్దమ్మమ్మకు గుండె జారిపోయేదట. దానికి మందు లేదు అప్పుడు. 1936లో లండన్‌లో క్వీన్ షార్లెట్ ఆసుపత్రిలో కోల్‌బ్రూక్ అనే డాక్టరు ప్రాంటోసిల్ అనే సల్ఫా మందు ఇచ్చి ఆ జ్వరాన్ని తగ్గించాడని నేను పెద్దయ్యాక చదివాను. మా కాలువ గట్టుకు అలాంటి మందులు రావడానికి చాలా కాలం పట్టింది. అంతదాకా ఆమె దగ్గరున్న ఆయుధాలు వేడినీళ్ళు, లైసాల్, గోళ్ళ బ్రష్.

ఎంతమంది పోయేవారు? మా ఊళ్ళో నాకు తెలిసిన ముసలివాళ్ళ పేర్లు గుర్తు చేసుకుంటే చాలు. పుల్లయ్య, పెంటయ్య, తవిటయ్య, కుప్పమ్మ. ముందు పుట్టినవాళ్ళు దక్కకపోతే తర్వాతి బిడ్డను చెత్తకుప్ప మీద పొర్లించి, తవుడికి అమ్మినట్టు నటించి, అలాంటి పేరు పెట్టేవారు. ఆ తరంలో ప్రతి వీధికీ ఇద్దరు ముగ్గురు పుల్లయ్యలు ఉండేవారంటే ఎన్ని ఉయ్యాలలు ఖాళీ అయ్యాయో తెలుస్తుంది. స్వాతంత్ర్యానికి ముందు దేశ ఆరోగ్య పరిస్థితి మీద ప్రభుత్వం వేసిన భోర్ కమిటీ నివేదికలో లెక్క ఉంది: 1937లో బ్రిటిషు ఇండియాలో పుట్టిన ప్రతి వెయ్యిమందిలో 162 మంది మొదటి పుట్టినరోజు చూడలేదు. ఏటా సుమారు 2 లక్షల మంది తల్లులు గర్భంతోనో కాన్పులోనో పోయేవారని కూడా ఆ కమిటీ అంచనా వేసింది. బిడ్డల లెక్క గ్రామ మునసబు రిజిస్టరుకు ఎక్కినది మాత్రమే. పేరు పెట్టకముందే పోయిన బిడ్డ సంగతి చాలా ఇళ్ళవాళ్ళు మునసబుకు చెప్పేవారే కాదు.

*

కొత్తలో పెద్దమ్మమ్మను ఎవరూ పిలవలేదు. పిలవడానికి మంత్రసాని ఉండగా ఈమె ఎందుకు? పైగా వితంతువు. శుభమా అని బిడ్డ పుడుతుంటే ఎదురుగా ఈమె ముఖమా అని తలుపులు వేసిన ఇళ్ళున్నాయి. నెలలు నిండిన కోడలున్న ఇంటికి వెళ్ళి మజ్జిగ అడిగి కూర్చునేది. మాటల్లో పెట్టి పిల్ల కాళ్ళ వాపు చూసేది. కాన్పు సమయానికి మాత్రం కబురు వచ్చేది కాదు.

మంత్రసాని అవ్వ అప్పటికే అరవై దాటిన మనిషి. పల్లె నుంచి, అంటే ఊరి బయటి దళితవాడ నుంచి వచ్చేది. ఊళ్ళో సగంమంది ఆమె చేతుల్లోకే పుట్టారు. మగపిల్లాడైతే పాత చీర, చేటెడు బియ్యం. ఆడపిల్లయితే బియ్యం మటుకే. పెద్దమ్మమ్మ ఒకరోజు నేరుగా ఆవిడ గుడిసెకు వెళ్ళి కూర్చుంది. "అవ్వా, నీ పొట్ట కొట్టడానికి రాలేదు. నీకు వచ్చేది నీకే. నాకు బోర్డు జీతమిస్తుంది. నువ్వు వెళ్ళేటప్పుడు నాకు కబురు చెయ్యి, చాలు" అంది.

అవ్వ మండిపడిందట. "నా చేతుల మీదుగా ఊరు ఊరంతా పుట్టింది నర్సమ్మగారూ. ఈ చేతులకు మురికి అంటావా అమ్మా?"

"నా చేతులకు కూడా అంటాను అవ్వా. అందుకే కదా ఇన్నిసార్లు కడుగుతున్నాను."

ఆ మాటతో అవ్వ మారిపోలేదు. మారడానికి రెండు వానాకాలాలు పట్టింది. అవ్వ సొంత కోడలికి మూడోరోజు చలిజ్వరం వచ్చినప్పుడు పెద్దమ్మమ్మ పది రోజులు ఆ గుడిసెకు వెళ్ళి ఒళ్ళు తుడిచి, గుడ్డలు ఉడకబెట్టి, గంజి తాగించి వచ్చింది. కోడలు బతికింది. సూతిక జ్వరాల్లో బతికినవాళ్ళు కొద్దిమంది, ఈ పిల్ల అదృష్టం తప్ప నాదేమీ లేదనేది పెద్దమ్మమ్మ. పల్లెకు వెళ్ళి వచ్చినందుకు మాత్రం మా ఇంట్లో ఆమెను నెలల తరబడి వంటింట్లోకి రానివ్వలేదు. వసారాలో ఆకు వేసి పెట్టేవారు. ఇది రాయకుండా ఆమె గొప్పతనం మాత్రమే రాయడం నాకు ఇష్టం లేదు.

ఆ తర్వాత కబుర్లు రావడం మొదలైంది. అవ్వే పంపేది. "నర్సమ్మగారు వస్తేనే నేను లోపలికి వెళ్ళేది" అని పెద్ద రైతుల ఇళ్ళలో కూడా ఖచ్చితంగా చెప్పేదట. కబురు చేసిన ప్రతిసారీ పెద్దమ్మమ్మ తన జీతంలోంచి అవ్వకు ఎంతో కొంత ఇచ్చేది. శిక్షణ పొందిన మిడ్‌వైఫ్‌లు మంత్రసానుల్ని తరిమేసి ఊళ్ళను బాగుచేశారని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మా వైపు జరిగింది అది కాదు. ఒకరికి నేర్పు ఉంది, ఇంకొకరికి ఊరి నమ్మకం ఉంది. రెండూ ఒకే గుమ్మంలోంచి లోపలికి వెళ్ళిన ఇళ్ళలో తల్లులు బతికారు.

*

పెద్దమ్మమ్మ కాన్పులకు పట్టుకెళ్ళే తోలుసంచి తెరిస్తే వచ్చే చప్పుళ్ళు నాకు ఇప్పటికీ చెవిలో ఉన్నాయి. ఎనామిల్ బేసిన్లు ఒకదానికొకటి తగిలే చప్పుడు, సీసా బిరడా తీసినప్పటి చప్పుడు, థర్మామీటరు విదిలించినప్పుడు ఆమె వెండి మురుగు లేని ఒట్టి మణికట్టు ఎముక టక్కుమనడం. కత్తెర, బొడ్డు కట్టే టేపు, బోరిక్ పొడి, ఎనీమా డబ్బా, కాన్పయ్యాక రక్తం ఆగడానికి ఎర్గాట్, పుట్టిన బిడ్డ కళ్ళలో వేసే సిల్వర్ నైట్రేటు. కొక్కేనికి వేలాడే చిన్న త్రాసు. ఇంటికి రాగానే కత్తెరను గిన్నెలో వేసి అరగంట మరిగించేది. నర్సమ్మ ఇనుము వండుతుందని చుట్టుపక్కల పిల్లలు చెప్పుకునేవారు. బొడ్డుకు కట్టే గుడ్డల కోసం ఉతికిన పాత పంచె ముక్కల్ని కొత్త కుండలో పెట్టి, మూతవేసి, పొయ్యి మీద వేడెక్కించేది. ఆ కుండ దగ్గరికి మమ్మల్ని రానిచ్చేది కాదు.

బొడ్డు కోసి వచ్చేస్తే పని అయిపోయినట్టు కాదు. పదిరోజులు రోజూ వెళ్ళాలి. తల్లికి జ్వరం చూడాలి, పొట్ట నొక్కి చూడాలి, బిడ్డ బొడ్డు చూడాలి. అందరూ కాన్పు రాత్రి గురించి చెప్పుకుంటారు గానీ, తను ఎక్కువమందిని కాపాడింది ఆ పది ఉదయాల్లోనే అనేది ఆమె. కిటికీకి ఉన్న గోనె మొదటి రోజు సగం తీసేది, మూడో రోజుకు మొత్తం. దాహానికి నీళ్ళు ఇవ్వని అత్తగార్లతో గొడవ పెట్టుకోకుండా, "కాచిన నీళ్ళలో వాము వేశానండి, ఇది మందు" అని తాగించేది. బాలింత కాయం తినవద్దని ఎప్పుడూ అనలేదు. ఆముదం, సున్నిపిండి, చేటలో పడుకోబెట్టడం, ఇవేవీ మాన్పించలేదు. హాని చేసేది ఏది, చేయనిది ఏది అన్న తేడా ఆమెకు బాగా తెలుసు.

*

ఒక వానరాత్రి కథ మళ్ళీ మళ్ళీ అడిగి చెప్పించుకునేవాళ్ళం. తొలి చూలు, పదమూడో పద్నాలుగో ఏళ్ళ పిల్ల. బాల్యవివాహాలను ఆపే శారదా చట్టం 1930 ఏప్రిల్ 1 నుంచి అమలవుతుందని తెలిసి, అంతకుముందు నెలల్లో ఊళ్ళలో పందిళ్ళ మీద పందిళ్ళు వేశారు. ఆడపిల్లకు పద్నాలుగు నిండాలన్న నిబంధన వచ్చేలోపే మూడుముళ్ళు పడిపోవాలని ఆరాటం. "ఆ ముహూర్తాలన్నీ నాలుగైదేళ్ళకు నా రిజిస్టరులోకి వచ్చాయి" అనేది పెద్దమ్మమ్మ. ఈ పిల్ల వాటిలో ఒకతె.

వెళ్ళేసరికి బిడ్డ చెయ్యి బయట ఉంది. అడ్డం తిరిగింది. అవ్వ ఒక మాటే చెప్పిందట: "ఇది నీ వల్లా కాదు, నా వల్లా కాదు." గుంటూరు తీసుకెళ్ళాలి. 1883లో అమెరికా నుంచి వచ్చిన అన్నా కుగ్లర్ అనే మిషనరీ డాక్టరు ఏళ్ళ తరబడి శ్రమపడి కట్టించి, 1898లో తెరిచిన ఆడవాళ్ళ ఆసుపత్రి ఉంది అక్కడ. కుగ్లర్ 1930లో గుంటూరులోనే కన్నుమూసింది. ఆమె పోయినా జనం నోట అది కుగ్లర్ ఆసుపత్రే. పిల్ల తాతగారు మిషను ఆసుపత్రి అనగానే అడ్డుపడ్డాడు. అవ్వ గుమ్మానికి అడ్డంగా కూర్చుని, "అయితే పాడె కట్టించు బాబూ, నేను లేస్తాను" అందట. ఆయనతో అలా మాట్లాడిన మనిషి ఆ ఊళ్ళో అప్పటిదాకా లేదు.

బండిలో గడ్డి పరిచి, పైన తాటాకు గొడుగులు పట్టుకుని, రెండు ఎడ్లు చాలక నాలుగు కట్టి తీసుకెళ్ళారు. అవ్వ లాంతరు పట్టుకుని బండి ముందు నడిచింది. తెల్లవారేసరికి చేర్చారు. బిడ్డ దక్కలేదు, తల్లి దక్కింది. ఆ తల్లిని నేను చూశాను. మా ఇంటికి ఏటా సంక్రాంతికి కొత్త బియ్యం పంపేది.

*

పిల్లల ప్రదర్శనలు కూడా చెప్పాలి. అప్పటి వైస్రాయి భార్య లేడీ రీడింగ్ 1924లో దేశమంతటా శిశు వారోత్సవాలు మొదలుపెట్టించింది. ఆ వేడుక కొన్నేళ్ళకు మా ఫిర్కాకూ వచ్చింది. బోర్డు బడిలో మామిడి తోరణాలు కట్టారు, మ్యాజిక్ లాంతరు తెప్పించారు. తెర మీద ఈగ బొమ్మ గుమ్మమంత పెద్దదిగా పడితే "మా ఊళ్ళో ఇంత పెద్ద ఈగలు లేవండి" అని ఎవరో లేచి చెప్పారట. బిడ్డల్ని తూచి, బాగా పెరిగినవాళ్ళకు సబ్బులు, గౌన్లు బహుమతి.

కానీ తూచడానికి ఒక్క తల్లి ముందుకు రాలేదు. పసిబిడ్డను తూకం వేస్తే తరిగిపోతాడని భయం. పదిమందిలో బాగున్నాడని చెబితే దిష్టి. అధ్యక్షులవారు గడియారం చూసుకుంటున్నారు. పెద్దమ్మమ్మ కాటుక భరిణె తెప్పించి, వచ్చిన ప్రతి బిడ్డకూ బుగ్గన, అరికాలిలో చుక్క పెట్టింది. త్రాసు కొక్కేనికి ఎండుమిరపకాయలు, నిమ్మకాయ కట్టింది. ముందుగా అవ్వ మనవరాలిని అందులో పడుకోబెట్టింది. తర్వాత వరస కట్టారు. పల్లె బిడ్డను వేసిన త్రాసులో మా బిడ్డల్ని వేయబోమని కొందరు వెనుదిరిగారు. పెద్దమ్మమ్మ రెండో త్రాసు తేలేదు, ఆ ఒక్కదానితోనే సాయంత్రం దాకా తూచింది. వెనుదిరిగినవాళ్ళలో కొందరు మర్నాడు ఆమె ఇంటికి వచ్చి చాటుగా తూపించుకున్నారు.

తెల్లగా పాలిపోయి, ముఖం ఉబ్బి, నాలుగు అడుగులకు ఆయాసపడే చూలాళ్ళను చూసి ఆమె చాలా బాధపడేది. ఆకుకూరలు చలవ చేస్తాయని వాళ్ళకు పెట్టేవారు కాదు. ఈమె మునగాకు, తోటకూర తినమని పోరేది. అదే కాలంలో లూసీ విల్స్ అనే వైద్యురాలు బొంబాయిలో గర్భిణుల రక్తహీనత మీద పనిచేసి, మార్మైట్ అనే ఈస్టు సారంతో అది తగ్గుతుందని 1931లో ప్రకటించింది. అందులోని గుణం ఫోలిక్ ఆమ్లానిదని తరువాత తేలింది, 1941లో దాన్ని వేరుచేసింది పాలకూర నుంచే. ఈ సంగతి నేను చదివేనాటికి పెద్దమ్మమ్మ లేదు. ఉంటే పరుగెత్తుకెళ్ళి చెప్పేదాన్ని.

*

1939లో మద్రాసు ప్రజారోగ్య చట్టం వచ్చి, తల్లీబిడ్డల సంక్షేమాన్ని స్థానిక సంస్థల బాధ్యతల్లో చేర్చింది. ఆ కాగితం చదివిన రోజు ఆమె పాయసం వండిందట. కానీ చేతులు పెరగలేదు. దేశంలో 60 వేలమందికి ఒక మిడ్‌వైఫ్ ఉందని భోర్ కమిటీ లెక్క తేల్చింది. ఆ ఒక్కతె నిద్రపోయేది ఎప్పుడు? రాత్రి తలుపు తడితే పెద్దమ్మమ్మ "వస్తున్నా" అంటూనే కళ్ళు తెరిచేది. ఉద్యోగం మానేశాక కూడా, ఎవరూ తట్టకపోయినా, నిద్రలో "వస్తున్నా" అనేది.

త్రాసులో మొదట పడుకున్న అవ్వ మనవరాలికి ఒక కూతురు. ఆమె గుంటూరులో ఏఎన్ఎం (సహాయక నర్సు-మిడ్‌వైఫ్) శిక్షణ పొంది మా పక్క ఊరి ఉపకేంద్రంలో ఏళ్ళ తరబడి పనిచేసింది. కొన్నేళ్ళ కిందట కలిస్తే నాకు తెలియని సంగతి చెప్పింది. మద్రాసులో కాన్పంటే పడుకోబెట్టే చేయాలని నేర్పారట. మా కాలువ గట్టున మంత్రసానులు దూలానికి తాడు వేలాడదీసి, నొప్పులు పడే మనిషి దాన్ని పట్టుకుని గొంతుక్కూర్చునేలా చేసేవారు. మొదట్లో పెద్దమ్మమ్మ ఆ తాడు చూసి విప్పించేసిందట. తర్వాత గంటల తరబడి కదలని కాన్పుల్లో అవ్వ ఆ మనిషిని లేపి నడిపించడం, తాడు పట్టించి కూర్చోబెట్టడం, బిడ్డ దిగిరావడం చూసి, తనే ఇంటి దూలం గట్టిదో కాదో చూసుకోవడం మొదలుపెట్టింది.

"మా ముత్తవ్వ చేతులు కడుక్కోవడం మీ పెద్దమ్మమ్మ దగ్గర నేర్చుకుంది, మీ పెద్దమ్మమ్మ తాడు కట్టడం మా ముత్తవ్వ దగ్గర నేర్చుకుంది" అందామె. తను కూడా ఉపకేంద్రంలో కరెంటు పోయిన రాత్రులు, తొలి కాన్పు పిల్లలు భయంతో బిగుసుకుపోయినప్పుడు, బల్ల దింపి కిటికీ ఊచకు చీర ముడివేసి పట్టుకోమనేదట. రిజిస్టరులో దానికి గడి లేదు కాబట్టి రాసేది కాదని, తన దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చిన ప్రతి అమ్మాయికీ మాత్రం ఆ ముడి ఎలా వేయాలో చూపించిందని చెప్పింది.